నెల్లూరులో తకోయాకి, ఆక్టోపస్ బదులు రొయ్య

మాగుంట లేఅవుట్‌లో ఒక చిన్న రెస్టారెంట్‌లో జపాన్ రోడ్డు పక్క తిండి దొరుకుతోందని మా చిన్నాన్న కొడుకు చెబితే ఇద్దరం పోయాం. మెనూ పెద్దదే. నాకు కావాల్సింది మాత్రం తకోయాకి, అంటే లోపల ఆక్టోపస్ ముక్క పెట్టి కాల్చే పిండి ఉండలు.

కౌంటర్ దగ్గర నిలబడి చేసేది చూడొచ్చు. పెనం మన పొంగనాల పెనం లాంటిదే. మైదాలో గుడ్డు, దాషి అనే చేపల రసం కలిపి బాగా పల్చగా చేసుకున్న పిండిని గుంతలు దాటి పొర్లేదాకా పోసి, ముక్క వేసి, ఉల్లికాడలు, ఎర్రగా ఊరబెట్టిన అల్లం చల్లి, పొర్లిన పిండినంతా పుల్లతో లోపలికి నెడుతూ తిప్పుతుంటే అది గుండ్రంగా తయారవుతుంది. నేనైతే ఆర్డర్ చెప్పడం కూడా మర్చిపోయి చూస్తా ఉండిపోయా.

లోపల ఆక్టోపస్ ఉండాలి, వీళ్లు రొయ్య పెట్టారు. "ఇది మోసం కదన్నా" అన్నాడు మావాడు. నాకట్టా అనిపించలేదు. ఒసాకాలో ఎండో తోమెకిచి అనే ఆయన మొదట అమ్మింది గొడ్డుమాంసం పెట్టిన ఉండలు. అకాషి వైపు ఆక్టోపస్ వేస్తారని ఒక కస్టమర్ చెబితే 1935లో మార్చాడట. మొదట్లో దానిమీద సాస్ కూడా లేదు. అలాంటప్పుడు చుట్టూ రొయ్యల చెరువులున్న నెల్లూరులో రొయ్య పెడితే తప్పేంటి? పైగా తాజాగా, తియ్యగా ఉంది.

పైన సాస్, మయోనైజ్, ఆపైన కత్సువోబుషి, అంటే ట్యూనా జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, కొయ్యలా గట్టిపడేదాకా ఎండబెట్టి చిత్రిక పట్టిన పొరలు. వేడికి అవి కదులుతుంటే పక్క టేబుల్ పాప "బతికే ఉంది నాన్నా!" అని కుర్చీ వెనక్కి లాక్కుంది. ఆ వాసనకు ఇద్దరు ముగ్గురు ముక్కు మూసుకోవడం మాత్రం నాకు వింతగా అనిపించింది. ఎండుచేపలు తినే ఊరోళ్లమే కదా మనం!

నా గొడవంతా లోపలి పిండి గురించే. పైన పల్చటి పొర, లోపల జారుగా, నోరు కాలేంత వేడిగా ఉండాలి. వీళ్లది మధ్యదాకా గట్టి. అడిగితే వండే అబ్బాయి, "ఉడకలేదని వెనక్కి పంపుతున్నారు సార్, ఏం చేసేది?" అన్నాడు. పాపం, నిజమే. రెండో ప్లేటు కాస్త ముందే తీసివ్వమన్నాం, అదిరిపోయింది. మీరు పోతే అట్టా అడిగి చేయించుకోండి. ఒకోనోమియాకి అనే క్యాబేజీ అట్టు జోలికి మాత్రం పోవద్దు, క్యాబేజీ పచ్చిగానే ఉంది.