తేజస్ నెట్‌వర్క్స్ షేరు కొనాలా వద్దా: నేను లెక్క చూసుకున్న తీరు

2025 జూన్‌లో మా బావమరిది ఫోన్ చేసి, "బావా, తేజస్ సగానికి పడింది. టాటా వాళ్ల కంపెనీ. ఇంకా ఏం ఆలోచిస్తావ్?" అన్నాడు. ఏడాది కిందట 1,400 దాటిన షేరు అప్పటికి 700 పైచిలుకు దగ్గర ఆడుతోంది. నా చేతిలో బోనస్ డబ్బు ఉంది. కొందామనే అనిపించింది. కానీ ముందు కాగితాలు చూద్దామనుకున్నా.

కంపెనీ గట్టిదే. 2000లో బెంగళూరులో మొదలైంది. ఫైబర్ ఇంటర్నెట్‌కు కావలసిన పరికరాలు సొంతంగా డిజైన్ చేస్తుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఉండే ఓఎల్‌టీ యంత్రం, ఇంటి గోడకు బిగించే ఓఎన్‌టీ పెట్టె, ఊళ్ల మధ్య డేటా మోసే ఆప్టికల్ సామగ్రి అన్నీ చేస్తుంది. 2021లో టాటా గ్రూపు చేతికి వచ్చింది. 2023లో బీఎస్ఎన్ఎల్ 4జీ కోసం టీసీఎస్ నుంచి సుమారు 7,492 కోట్ల ఆర్డర్ దక్కింది. అందరూ దీని గురించి మాట్లాడటం ఆ తర్వాతే ఎక్కువైంది.

లెక్కలు మొదట ముచ్చటేశాయి. 2023-24లో ఆదాయం 2,471 కోట్లు, 2024-25లో 8,923 కోట్లు, లాభం 447 కోట్లు. పీఈ, అంటే షేరు ధర ఒక్కో షేరు మీద వచ్చే ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె, చూస్తే 30 లోపే. టెలికాం పరికరాల కంపెనీకి చవకే కదా అనిపిస్తుంది. అసలు తిరకాసు అక్కడే. ఆ పీఈలో ఉన్న లాభం ఒక్క పెద్ద ఆర్డర్ సరఫరా చేసిన ఏడాదిది. మామిడితోట కౌలుకు పట్టేవాడు విరగకాసిన ఒక్క కాపు చూసి రేటు కట్టడు. జనవరి-మార్చి త్రైమాసికాన్ని విడిగా చూస్తే అప్పటికే 72 కోట్ల నష్టం ఉంది. ఏడాది మొత్తం అంకెల్లో అది కనపడదు.

పాత రిపోర్టులూ తిరగేశాను. 2018-19లో సుమారు 900 కోట్లున్న ఆదాయం మరుసటి ఏడాది 391 కోట్లకు జారింది, 237 కోట్ల నష్టం వచ్చింది. ప్రభుత్వ రంగ కొనుగోళ్లు ఆగితే ఈ కంపెనీకి ఏమవుతుందో అప్పుడే ఒకసారి తేలిపోయింది. పైగా సరుకు ఇచ్చాక డబ్బు రావడానికి ఆలస్యమైతే ఆ మధ్యకాలం అప్పు మీదే నడవాలి. అందుకే నేను లాభం కంటే రావాల్సిన బాకీలు, అప్పులు ఎక్కువసేపు చూశాను. అవి కూడా బాగానే పెరిగాయి.

ఇక కొత్త పని సంగతి. మేలో బీఎస్ఎన్ఎల్ నుంచి టీసీఎస్‌కు అదనపు ముందస్తు ఆర్డర్ వచ్చింది. అందులో తేజస్ వాటా దాదాపు 1,525 కోట్లు. మంచిదే, కానీ 8,923 కోట్ల ఏడాది తర్వాత పడే ఖాళీ దానితో నిండదు. గ్రామాలకు ఫైబర్ ఇంటర్నెట్ వేసే ప్రభుత్వ పథకం భారత్‌నెట్ మీద ఆశ ఉంది. ఆశకు తేదీ ఉండదు.

అందుకని జూలై ఫలితాల దాకా ఆగుదామన్నా. "అప్పటికి పెరిగిపోతుంది బావా" అని వాడి టెన్షన్ వాడిది. వాడు కొన్ని కొనేశాడు. 14న ఫలితాలు వచ్చాయి. ఆదాయం 202 కోట్లు, నష్టం 194 కోట్లు. అంతకు ముందు ఏడాది అదే త్రైమాసికంలో ఆదాయం 1,563 కోట్లు.

నేను కొనలేదు. అలాగని కంపెనీని కొట్టిపారేయలేదు. విదేశీ ఆర్డర్లు, ప్రైవేటు ఆపరేటర్ల వాటా పెరిగి, బాకీలు తగ్గితే మళ్లీ చూస్తా. ప్రతి త్రైమాసికంలోనూ మొదట ఆ అంకెలే తీస్తున్నా, ధర తర్వాత. మా బావమరిది తన షేర్లు అమ్మలేదు, అయిదేళ్లకని కొన్నానంటాడు.