ఒకే చెట్టు, మూడు రంగులు

శ్రీనగర్‌లో రెండో రోజు పొద్దున్నే దాల్ సరస్సు వదిలేసి, జీలం ఒడ్డున పాత ఊరి సందుల్లోకి నడిచాను. అక్రోటు చెక్క మీద నగిషీ చెక్కేవాళ్లను పని చేస్తుండగా చూడాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక.

సందు మలుపులోనే కొయ్యసుత్తి చప్పుడు వినిపించింది. కిటికీ వెలుగులో నేల మీద కూర్చుని ఒక పెద్దాయన చెక్కుతున్నారు. అక్కడ ఈ పనివాళ్లను నక్కాష్ అంటారు. మన నగిషీ, వాళ్ల నక్కాష్ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలే. చెక్క గురించి అడిగేసరికి ఆయన ముఖం వెలిగింది. మూడు ముక్కలు తీసి నా చేతిలో పెట్టారు. ఒకటి లేత రంగుది, చారలు కనీకనిపించనట్టున్నాయి. రెండోదానికి గోధుమ రంగు మీద చారలు తేటగా ఉన్నాయి. మూడోది బాగా ముదురు.

"మూడూ ఒకే చెట్టువి, భాయ్. కొమ్మ, మాను, వేరు."

వేరు చెక్కకే ధర ఎక్కువట. చేత్తో తడిమి చూస్తే ఎందుకో అర్థమైంది.

పెరట్లో పలకల మధ్య సన్న పుల్లలు పెట్టి, గాలాడేలా నీడలో పేర్చి ఉంచారు. అలా ఏళ్ల తరబడి ఆరాలి. తొందరపడితే పలక వంగుతుంది, పగులుతుంది. ఒకసారి సరిగ్గా ఆరిందంటే మాత్రం ఆకారం అంత తేలిగ్గా మారదు, దెబ్బనీ తట్టుకుంటుంది. తుపాకీ మడమలకు ఈ చెక్కను కోరి వాడేది అందుకే. బరువు ఘనపు మీటరుకు సుమారు 640 కిలోలు, అంటే టేకుకు దగ్గర్లోనే. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: తడి చెక్కకు ఇనుము తగిలితే నల్ల మరక పడుతుంది. ఇక కశ్మీర్‌లో అనుమతి లేకుండా అక్రోటు చెట్టు కొట్టకూడదు. కాయలిచ్చే చెట్టు మరి. ఆ నిబంధన ఉండాల్సిందే అనిపించింది.

నన్ను కట్టిపడేసింది ఆయన చెక్కుతున్న చినార్ అనే కశ్మీరీ చెట్టు ఆకు. ఆకు అంచు కింద చెక్కను తొలిచేశారు. దాంతో ఆకు పలక మీద అప్పుడే రాలి పడినట్టుంది, అంచు కింద గోరు దూరుతుంది. అంత పల్చగా తీసినా అంచు రాలిపోలేదు. నాసిరకం చెక్కతో ఇది జరిగే పని కాదు. దీనికి రంగు వేయరు, నున్నగా రుద్ది మైనం పట్టిస్తారు.

ఒక వృథా ముక్క మీద ఆకు గీసి, ఉలి నాకిచ్చారు. చార వెంట హాయిగా సాగింది. మలుపులో చారకు ఎదురు తిప్పగానే పీచు లేచి, ఆకు కొస చీలిపోయింది. ప్రాణం ఉసూరుమంది. ఆయన ఏమీ అనలేదు. ముక్క తీసుకుని అటువైపు నుంచి నాలుగు దెబ్బలు వేశారు. చీలిన కొస, ఎండి ముడుచుకున్న ఆకు కొసలా తయారైంది. దాన్ని ఊది, పొట్టు దులిపి నాకిచ్చేశారు.