ఫోగూ మోడల్: గోడలు లేచాయి, కప్పు బండలు మిగిలాయి

ఫోగూ అంటే ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో ఇనుప యుగం నాటి జనం ఊరి కింద రాళ్లతో కట్టుకున్న సొరంగం. నేను 1:20 స్కేల్‌లో కడుతున్నది సాంక్రీడ్ దగ్గరి కార్న్ యూనీది. అసలుది దాదాపు 20 మీటర్ల పొడవు, అంటే మోడల్ దాదాపు మీటరు అవుతుంది. నా బల్ల మీద అంత చోటు లేదు. అందుకే గుండ్రటి గదినీ, దానికి ఆనుకున్న కాస్త దారినీ మాత్రమే తీసుకున్నాను. గది అడ్డం సుమారు 4.5 మీటర్లు, ఇక్కడ 22 సెంటీమీటర్ల పైచిలుకు.

పెట్టె 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్. ఒక పక్క మాత్రం అక్రిలిక్ షీట్ బిగించాను, లోపలి అడ్డకోత బయటికి కనబడాలని. రాళ్లు గ్రానైట్ చిప్స్. వంటింటి జల్లెళ్లతో మూడు సైజులుగా వేరు చేసి, పెద్దవాటిని టైల్ కటింగ్ ప్లయర్‌తో విరిచాను. (ఆ జల్లెళ్లు ఇక వంటింటికి తిరిగి వెళ్లవు.)

ఇక గోడలు. అసలు కట్టడంలో సున్నం, మట్టి అడుసు ఏమీ లేవు, ఉత్త రాయి మీద రాయి. పైకి పోయేకొద్దీ ఒక్కో వరస కొంచెం లోపలికి జరుగుతుంది. ఇది ఎలా నిలబడుతుందో చూడాలని ముందు రెండు ముక్కలు విడిగా కట్టాను. వెనక ఏమీ లేని ముక్క నాలుగైదు వరసలు ముందుకు రాగానే బోర్లా పడింది. రెండోదానికి వరస వరసకీ వెనకాల తడిమట్టి వేసి చెక్కముక్కతో దిమ్మిస్తూ వచ్చాను. అది కదల్లేదు. కిటుకు రాయి తోకలో ఉంది. పొడవాటి రాయిని గోడ వెంబడి కాక పొడుగ్గా లోపలికి తోసి, సగానికి పైగా మట్టిలో ఉండేట్టు పెట్టాలి. ముందుకు తూలే బరువుని వెనక మట్టి పట్టి ఉంచుతుంది. కందకం తవ్వి, గోడ కట్టి, బండలు పరిచి, మళ్లీ మట్టి కప్పడం దాచుకోవడానికే అనుకునేవాణ్ణి. కట్టాక చూస్తే ఆ మట్టి కూడా కట్టడంలో భాగమే. గమ్ము అక్రిలిక్ అంచున తప్ప ఎక్కడా వాడలేదు.

కప్పు బండలకి గ్రానైట్ టైల్ తుక్కు తెచ్చాను. రంపపు కోత కనబడకుండా అంచుల్ని సుత్తితో చితక్కొట్టాలి. గది కప్పు అసలుదే కూలిపోయింది, ఇప్పుడక్కడ ఉన్నది ఈ కాలపుది. కాబట్టి నా మోడల్‌లోనూ గది పైన తెరిచే ఉంచుతున్నాను.

ఫోగూలు దేనికి కట్టారో తేలలేదు. ధాన్యం దాచడానికి, దాక్కోవడానికి, పూజకి అని మూడు వాదాలున్నాయి. 1964 నుంచి 1972 దాకా కార్న్ యూనీలో తవ్వకాలు జరిగినా వాదన అలాగే ఉంది. జనం మాత్రం ఎప్పుడో తేల్చేసుకున్నారు. కార్న్‌వాల్‌లోనే కాన్‌స్టంటైన్ అనే ఊరి దగ్గరి ట్రెవార్డ్రెవా ఫోగూ పేరు పిస్కీ హాల్. పిస్కీలంటే రాత్రిళ్లు బాటసారుల్ని దారి తప్పించే పొట్టివాళ్లు, చొక్కా తిరగేసి తొడుక్కుంటే వదిలేస్తారట. హయ్యర్ బోడినార్‌ది జెయింట్స్ హోల్ట్, అంటే రాక్షసుడి మాటు. నాకు పొట్టివాళ్ల పేరే నచ్చింది. కార్న్ యూనీలో పాకుతూ తప్ప పోలేని సన్నటి పక్కదారి చూస్తే ఎవరికైనా వాళ్లే గుర్తొస్తారు.

ఇప్పుడు తల పట్టుకున్నది నాచు దగ్గర. ఆ గది గోడల మీద పచ్చగా మెరిసే నాచుంది. దానికి సొంత వెలుగు లేదు, పడిన వెలుతురునే వెనక్కి తిప్పుతుంది. కాబట్టి చీకట్లో వెలిగే పెయింట్ పనికిరాదు. ఆకుపచ్చ మెటాలిక్ రంగుని బాగా పల్చన చేసి, రాళ్ల సందుల్లో మాత్రమే అద్ది చూస్తాను.