సగం అనకు

"నన్ను సగం సగం అనకమ్మా. ఇనుయాషాని హన్‌యో అని ఏడిపించినట్టే ఉంది."

ఊళ్ళోవాళ్ళు ఫోన్లో పిల్ల ఎలా ఉందని అడిగితే "సగం తెలుగు, సగం అమెరికా" అని మురిపెంగా చెప్పే మాటకి మా పన్నెండేళ్ళ అమ్మాయి అడ్డుపడింది. మురిపెం నాది, దెబ్బ తనది.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే కథ కాస్త తెలియాలి. 'ఇనుయాషా' జపాన్ రచయిత్రి రుమికో తకాహాషి 1996 నుంచి 2008 దాకా వారపత్రికలో గీసిన బొమ్మల కథ, 56 సంపుటాలు. సన్‌రైజ్ స్టూడియో దాన్ని టీవీకి కార్టూన్ ధారావాహికగా 2000 నుంచి 2004 దాకా 167 భాగాలు తీసి ఆపేసింది, అప్పటికి అసలు కథే పూర్తవలేదు. మిగతాది 2009-10లో మరో 26 భాగాల్లో ముగించారు. టోక్యోలో గుడి ఆవరణలో ఉండే కగోమే పదిహేనో పుట్టినరోజునాడు పాడుబావిలో పడి, ఐదొందల ఏళ్ళ కిందటి, యుద్ధాల కాలపు జపాన్‌లో తేలుతుంది. అక్కడ బాణం దెబ్బతో చెట్టుకి అతుక్కుపోయి యాభై ఏళ్ళుగా నిద్రలో ఉన్నవాడే ఇనుయాషా. తండ్రి కుక్క రూపపు యోకై, తల్లి మనిషి. 'హన్' అంటే సగం, హన్‌యో అంటే సగం యోకై. యోకైని రాక్షసుడనో దయ్యమనో అంటే సరిపోదు. జంతువుల్లోంచి, పాత వస్తువుల్లోంచి పుట్టుకొచ్చే వింత ప్రాణులూ యోకైలే.

మొదట్లోనే ఒక చిన్న జ్ఞాపకం చూపిస్తారు. పసివాడైన ఇనుయాషా బంతి వెనక పరిగెడతాడు. పెద్దింటి మగవాళ్ళు వాణ్ణి హన్‌యో అని వెళ్ళిపోతారు. వాడు బంతి పట్టుకుని తల్లి దగ్గరికొచ్చి, హన్‌యో అంటే ఏమిటని అడుగుతాడు. ఆవిడ జవాబు చెప్పదు, వాణ్ణి గుండెకి హత్తుకుని ఏడుస్తుంది. ఆ దృశ్యం దగ్గర ఆపి, పిల్లల్ని ఏమనిపించిందో అడగండి. మీరు మాత్రం ఏమీ చెప్పకండి. నేను చెప్పాను, "నువ్వు సగం కాదు, పూర్తిగా తెలుగు పిల్లవే" అని. అదే నోటితో బడిలో టీచర్ దగ్గర "ఇక్కడే పుట్టింది, అందరిలాంటిదే" అంటానని అమ్మాయి వెంటనే గుర్తుచేసింది. రెండూ నిజమని నమ్మే అన్నాను. ఏ మాట ఎవరి ముందు అంటున్నానో తను ఇన్నాళ్ళూ గమనిస్తూ ఉందని నాకు తెలియలేదు.

మన దగ్గరా ఒకడున్నాడు కదా అని ఘటోత్కచుణ్ణి తెచ్చాను. భీముడి కొడుకు, హిడింబి కొడుకు. 'మాయాబజార్' చూసి పెరిగిన ఇంట్లో ఎవరూ అతన్ని సగం అనుకోరు. తర్వాత భారతం తీసి చూస్తే నోరు పెగల్లేదు. అర్జునుడి కోసం కర్ణుడు దాచుకున్న శక్తి ఖర్చయింది అతని మీద. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషించాడు. ఇది పిల్లకి చెప్పాలా వద్దా అని ఇంకా తేలలేదు.

మీ ఇంట్లోనూ మొదలుపెట్టాలనుకుంటే, వారానికి రెండు భాగాల చొప్పున 193కి దాదాపు రెండేళ్ళు పడుతుంది. మధ్యలో చాలా భాగాలు అసలు కథలో లేనివి, నెమ్మదిగా సాగుతాయి. అక్కడే పిల్లలు జారుకుంటారు. చివరి 26 మాత్రం ఉరుకుతాయి, వాటిని కలిపి చూడకండి. 2020లో వచ్చిన 'యషాహిమే' తర్వాతి తరం కథ, దాంతో మొదలెడితే ముగింపు ముందే తెలిసిపోతుంది. రక్తపాతం ఎక్కువ. మిరోకు అనే సన్యాసి ఆడవాళ్ళ మీద చేతులు వేస్తుంటాడు, దాన్ని నవ్వులాటగా తీశారు. అది నవ్వులాట కాదని అక్కడికక్కడే చెప్పండి. పన్నెండు లోపు పిల్లలకి వద్దంటాను.

ఇంగ్లీషు డబ్బింగ్ కన్నా జపనీస్‌లో వింటూ కింద అక్షరాలు చదవడం మేలు. ఇంగ్లీషులో పిల్ల నాకన్నా ముందుంటుంది, తెలుగులో నేను ముందుంటాను. జపనీస్ ముందు ఇద్దరం ఒకటే. కగోమే 'ఒసువారి' అనగానే ఇనుయాషా నేలకి కరుచుకుంటాడు. కుక్కపిల్లని కూర్చోమనే మాట అదని మాకిద్దరికీ ఒకేసారి తెలిసింది.

పదమూడో భాగం తప్పక చూడండి. అమావాస్య రాత్రి ఇనుయాషా బలమంతా పోయి, జుట్టు నల్లబడి మనిషైపోతాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పడు, చెబితే చంపేస్తారని భయం. సాలెపురుగుల విషం తగిలి కగోమే ఒళ్ళో తల పెట్టుకున్నప్పుడు కాస్త మెత్తబడతాడు. తనకీ అలాంటి రాత్రి ఉందా అని మా అమ్మాయిని అడగబోయి ఆగాను. ఉంటే అది నేను చీరకట్టించి, నలుగురి ముందు పద్యం చెప్పించే సాయంత్రమే అయి ఉంటుందని భయం వేసింది.

చివరి భాగం మేమింకా చూడలేదు, అందులో ఏం జరుగుతుందో నాకు తెలుసు, తనకి తెలియదు. బావి మూడేళ్ళు మూసుకుపోతుంది. కగోమే ఈ కాలపు టోక్యోలోనే ఉండి బడి చదువు పూర్తిచేస్తుంది. మళ్ళీ బావిలో ఆకాశం కనబడిన రోజు, వాళ్ళమ్మ పక్కనే ఉంటుంది. కూతుర్ని ఆపదు. ఆ రోజు మా అమ్మాయి పక్కన కూర్చుని తెర వైపు చూడగలనో, తన వైపే చూస్తానో.