అరవై అడుగుల కింద

జూన్ 28, శనివారం. రాత్రి పదకొండు దాటింది.

ఒళ్ళంతా దోమకాట్లు, భుజాలు పట్టేశాయి, రేపు పొద్దున్నే డ్యూటీ ఉంది. అయినా రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు. ఇవాళ పైకొచ్చిన ఆ ట్రౌట్ చేప ఇంకా కళ్ళ ముందే ఉంది.

పొద్దున మూడున్నరకే ఇక్కడ కెనడాలో మా ఊరు సడ్‌బరీ నుంచి బయల్దేరాం, నేనూ, మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న ఖమ్మం కుర్రాడూ. వాడు ఇక్కడికి చదువుకోడానికి వచ్చి ఏడాది దాటింది, ఈ ఊరి చుట్టూ ఎటు చూసినా నీళ్ళే కదా, వాడు మాత్రం వాటిని బస్సు కిటికీలోంచి చూడటమే. రెండు వారాలుగా "అన్నా, ఈసారి నన్ను కూడా తీస్కపో" అంటున్నాడు. వాడి చేత ఫిషింగ్ లైసెన్సు తీయించాను, లైఫ్ జాకెట్ ఇంకొకటి సర్దాను, కనూను, అంటే తెడ్లతో నడిపే తేలిక పడవని, కారు మీద కట్టుకుని టెమగామి వైపు వెళ్ళాం. సరస్సు పేరు రాయను, ఎందుకంటే అది చిన్నది. పెద్ద సరస్సయితే పదిమంది వచ్చి పట్టుకున్నా తట్టుకుంటుంది, ఇలాంటిది రెండు ఎండాకాలాల్లో ఖాళీ అయిపోతుంది. మా ఒంటారియో రాష్ట్రంలో రెండున్నర లక్షలకు పైగా సరస్సులున్నాయంటారు, వాటిలో లేక్ ట్రౌట్ (మేం పట్టే ట్రౌట్ ఇదే) ఉండేవి నూటికి ఒకటి. ఆ ఒక్క శాతమే ప్రపంచంలోని ట్రౌట్ సరస్సుల్లో ఐదో వంతు, నాలుగో వంతు దాకా అవుతుందట. ఇది తెలిశాక పేరు బయటపెట్టడానికి నాకు మనసు రాలేదు.

రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి కనూను నెత్తిన పెట్టుకుని అడవిలో నడవాలి, దీన్నే పోర్టేజ్ అంటారు. ఎనిమిది వందల మీటర్లుంటుందేమో. చేతులు రెండూ పడవను పట్టుకుని ఉంటాయి కాబట్టి దోమల్ని కొట్టుకోలేం, మొహం మీద వాలినవి వాలినట్టే ఉంటాయి. కుర్రాడు వెనకాల సామాన్లు మోస్తూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నీళ్ళ ఒడ్డుకి వచ్చి పడవ దించాక మాత్రం, పొగమంచు లేస్తున్న ఆ నీళ్ళనీ పైన్ చెట్లనీ చూసి "ఎవ్వరు లేరన్నా!" అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

ఎండ ఎక్కేలోపు ట్రౌట్ చూసుకోవాలని నేరుగా మధ్యకి తెడ్లు వేశాం. జూన్ ఆఖరుకి ఈ సరస్సుల్లో నీళ్ళు రెండు పొరలుగా విడిపోయి ఉంటాయి. ఊళ్ళో చెరువులో ఈదినవాళ్ళకి తెలుసు, ఒంటికి వెచ్చగా ఉంటుంది, కాళ్ళు కిందికి జాపితే చల్లగా తగులుతుంది. అదే సంగతి ఇక్కడ ఇంకా గట్టిగా ఉంటుంది, పైన ఇరవై డిగ్రీలు, కింద ఏడో ఎనిమిదో. ట్రౌట్‌కి పది డిగ్రీల దగ్గర హాయి, అందుకని ఎండాకాలం వచ్చేకొద్దీ అది లోతుకి దిగిపోతుంది. సరస్సు నడుమ నీళ్ళ కింద ఒక రాతి గుట్ట ఉంది, దాని తల యాభై ఐదు అడుగుల్లో, అంచులు నూట పది దాకా. నాలుగేళ్ళ కిందట చిన్న సోనార్, అంటే నీళ్ళ లోతునీ చేపల్నీ తెర మీద చూపించే యంత్రం, పెట్టుకుని రెండు రోజులు తిరిగితే దొరికిన చోటు అది.

నాది కోనసీమ. కాలవ గట్టున వెదురు కర్ర, వానపాము ఎర, నెమలీక కాడతో చేసిన బెండు, అంతే మా సరంజామా. బెండు మునిగిందా లేదా అని చూస్తూ కూర్చోవడమే వేట. ఇక్కడ మేం చేసేదాన్ని జిగ్గింగ్ అంటారు, అందులో బెండు ఉండదు, చూడటానికి ఏమీ ఉండదు. బరువైన గుండుకి గాలం అతికించినట్టు ఉంటుంది జిగ్, దానికి తెల్లని మెత్తని రబ్బరు గొట్టం తొడిగి, పడవ పక్కన తిన్నగా కిందికి వదలాలి. అడుగు తగలగానే దారం వదులవుతుంది. అప్పుడు రాడ్ కొసని రెండడుగులు లేపి మళ్ళీ దించాలి, దించేటప్పుడు ఒక్కసారిగా వదిలెయ్యకుండా దారం బిగువు పోకుండా చెయ్యి దాని వెంటే దిగాలి, ఎందుకంటే చేప అందుకునేది ఎక్కువగా జిగ్ పడుతున్నప్పుడే. ఒక్కోసారి లాగినట్టే ఉండదు. అరవై అడుగుల దాకా దిగాల్సిన బరువు నలభై దగ్గరే మాయమైపోతుంది, అంటే చేప దాన్ని నోట్లో పెట్టుకుని పైకి వస్తోందన్నమాట. అది వేలికి తెలియాలి. కాలవ దగ్గర కళ్ళతో పట్టేవాణ్ణి, ఇక్కడ వేళ్ళతో పడుతున్నాను. ఈ తేడా అలవాటు కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

నేను సీసం గుండ్లు వాడను. పోయినేడాదే అన్నీ తీసేసి టంగ్‌స్టన్‌వి కొన్నాను, ఖరీదు ఎక్కువే. లూన్ అనే నీటి పక్షులు తెగిపోయిన సీసం గుండ్లని మింగి విషమెక్కి చచ్చిపోతాయి. కెనడా డాలరు నాణెం మీద 1987 నుంచి ఉన్న పక్షి అది. జాతీయ పార్కుల్లో చిన్న సీసం గుండ్లనీ జిగ్‌లనీ 1997లోనే నిషేధించారు, మిగతా చాలాచోట్ల మన ఇష్టానికి వదిలేశారు. ఇవాళ కూడా ఒక జంట పిల్లని వీపు మీద ఎక్కించుకుని మా పక్క నుంచే పోయింది.

గంటన్నర ఏమీ లేదు. తర్వాత సోనార్ మీద ఒక గీత అడుగు నుంచి లేచి కుర్రాడి జిగ్ వెనకాల వచ్చింది. "ఆపకు, గబగబా చుట్టు!" అన్నాను. పారిపోతున్నదాన్ని ట్రౌట్ వదలదు, తరుముతుంది. వాడు పది చుట్లు చుట్టాడో లేదో రాడ్ వంగిపోయింది.

"అన్నా, గుంజుతున్నది!"

"నువ్వు గుంజకు. వదులు కొంచెం, పోనీ, పోతే పోనీ. కొస మాత్రం పైకే ఉంచు."

పది నిమిషాలు పట్టింది. చేప కనిపించకముందే పడవ పక్కన నీళ్ళలో బుడగలు లేచాయి. ట్రౌట్ పొట్టలోని గాలితిత్తికి గొంతు దాకా దారి ఉంటుంది, పైకొస్తూ గాలి వదిలేసుకోగలదు. అందుకే అంత లోతు నుంచి వచ్చినా మళ్ళీ దిగగలదు. ఇదే సరస్సులో ఉండే బాస్ అనే ఇంకో చేపకి ఆ వీలు లేదు. బుడగల వెనకాల ముదురు పచ్చని వీపు, దాని మీద వెన్నరంగు చుక్కలు, రెక్కల అంచుకి సన్నని తెల్లగీత. అరవై ఐదు సెంటీమీటర్లు. నెట్‌లోనే, నీళ్ళలోనే ఉంచి గాలం తీశాను, గాలం కొస దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లు ముందే నొక్కేసి పెట్టుకుంటాను కాబట్టి వెంటనే వచ్చేసింది.

"ఇంత పెద్దది ఇడిచిపెడతావా అన్నా?" అన్నాడు.

నిజంగా బాధపడుతూ అడిగాడు, తప్పు లేదు. ఈ నీళ్ళు చల్లనివి, రాతి నేల కాబట్టి తిండి తక్కువ, ఇక్కడ చేప చాలా నెమ్మదిగా పెరుగుతుంది, గుడ్లు పెట్టే ఈడుకే ఆరేడేళ్ళో ఇంకా ఎక్కువో పడుతుంది. అసలు వయసు చెవిలో ఉండే చిన్న ఎముకని కోసి వలయాలు లెక్కపెడితేనే తెలుస్తుంది, కానీ ఇది నీ అంత వయసుది కావచ్చు అని చెప్పాను. వాడికి ఇరవై రెండు. కాసేపు నోరు మెదపలేదు. తర్వాత తనే రెండు చేతులూ నీళ్ళలో ముంచి దాన్ని నిలబెట్టి పట్టుకున్నాడు, నేను చెప్పకుండానే. తోక ఒక్కసారి ఆడించి తిన్నగా చీకట్లోకి పోయింది.

సరస్సు పైనీళ్ళు ఇంకా వేడెక్కితే లోతు నుంచి తెచ్చి వదిలిన ట్రౌట్ బతకడం కష్టం. అందుకని ఈ ఏడాదికి ట్రౌట్ వేట ఇదే ఆఖరు, మళ్ళీ వచ్చే మే నెలలోనే.

మధ్యాహ్నం రాతి ఒడ్డుల వెంట బాస్ పట్టాం. తేలిక జిగ్, గోధుమరంగు రబ్బరు, పన్నెండు అడుగుల్లో రాళ్ళ మీద ఈడ్చుకుంటూ రావడమే. స్మాల్‌మౌత్ బాస్ తగిలితే నీళ్ళ మీదికి ఎగురుతుంది, తల విదిలిస్తుంది, చిన్నదైనా చేతులు నొప్పెట్టిస్తుంది. కుర్రాడు ఒక్కోదానికి ఒక్కో కేక. ఒకచోట లోతు తక్కువలో గులకరాళ్ళు శుభ్రంగా తుడిచినట్టు గుండ్రంగా కనిపించింది, మధ్యలో మగ బాస్ కాపలా. దాని దగ్గర గాలం వెయ్యొద్దని చెప్పి చుట్టు తిరిగి వెళ్ళాం. అది పక్కకి జరిగితే పిల్లల్ని మిగతా చేపలు నిమిషాల్లో తినేస్తాయి. బాస్ ఎక్కడినుంచి వచ్చిందన్నది వేరే సంగతి, గూడు దగ్గర కాపలా ఉన్నదాన్ని పట్టడం నా వల్ల కాదు.

ఎక్కడినుంచి అంటే, ఇలాంటి చాలా సరస్సుల్లో బాస్ మొదటినుంచీ ఉన్నది కాదు. వేట సరదా కోసం నూరేళ్ళకు పైగా దక్షిణం నుంచి తెచ్చి వదులుతూ వచ్చారు, ఎర బకెట్లలోంచి జారినవీ ఉన్నాయి. ఒంటారియో సరస్సుల మీద చేసిన ఒక పరిశోధన 1999లో నేచర్ పత్రికలో వచ్చింది: బాస్ చేరిన చోట ఒడ్డు దగ్గరి చిన్నచేపలు తగ్గిపోయి, ట్రౌట్ ఎక్కువగా నీళ్ళలో తేలే బుల్లి జీవుల మీద బతకాల్సి వచ్చిందని. ఇక్కడ చాలామంది ట్రౌట్ ఇంటికి తీసుకెళ్ళి బాస్‌ని వదిలేస్తారు, ట్రౌట్ మాంసం రుచి అని. నేను తిరగేసి చేస్తాను, కూరకి బాస్ మాత్రమే. మా సడ్‌బరీ చుట్టూ చాలా సరస్సుల్లో ఒకప్పుడు నికెల్ కరిగించే ఫ్యాక్టరీల పొగల వల్ల ఆమ్లం పెరిగి ట్రౌట్ పూర్తిగా పోయింది, పొగ తగ్గించాక కొన్నింట్లో పిల్లల్ని వదిలితే మళ్ళీ నిలబడ్డాయి. ఒకసారి పోయి వచ్చినదాన్ని నేను కూరలో వేసుకోలేను.

మూడు బాస్ తెచ్చాం. వంటింటి సింక్ దగ్గర కోస్తే పొట్టనిండా క్రేఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవి) డెక్కలు. చింతపండు పులుసు పెట్టి, కొత్తిమీర లేదు కాబట్టి ఉల్లికాడలు వేశాను. కుర్రాడు తింటూనే వాళ్ళమ్మకి వీడియో కాల్ చేసి ట్రౌట్ ఫొటో చూపించాడు. ఆవిడ చాలాసేపు చూసి "అంత మంచిది ఇడిచిపెట్టినవా బిడ్డా" అంది. "అది నా ఈడుదే అమ్మా" అన్నాడు వాడు. ఆవిడ నవ్వలేదు. ప్లేటు దగ్గరగా చూపించమంది, "మరి గీ చేపకు ముండ్లు మస్తున్నయా?" అని అడిగింది. లేవమ్మా, తక్కువే, అని చెప్పాడు.