ఎవరు మానిపించారు?

మా అమ్మ తన చదువు గురించి చెప్పినప్పుడల్లా ఒకే మాట వాడుతుంది: "ఎనిమిదో తరగతితో మానిపించారు." ఈ మాటను చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. రెండేళ్ళ కిందట, విదేశంలో పుట్టి పెరుగుతున్న మా పదకొండేళ్ళ అమ్మాయి వీడియో కాల్‌లో నాయనమ్మ కబుర్లు వింటుండగా, పక్కన కూర్చుని ఎప్పటికప్పుడు ఇంగ్లీషులోకి మార్చి చెబుతున్న నేను ఆ మాటను "నాయనమ్మ ఎనిమిది తర్వాత బడి మానేసింది" అన్న అర్థం వచ్చేలా చెప్పి ముందుకు సాగిపోయాను. అబద్ధం చెప్పాలని కాదు. మానేయడానికీ మానిపించడానికీ మధ్య ఉన్న దూరం ఆ క్షణాన నా చెవికెక్కలేదు, అంతే.

ఆ సంభాషణను రికార్డు చేసి ఉంచాము. కొన్ని వారాల తర్వాత అమ్మాయి దాన్ని ఒక్కతే మళ్ళీ విని, గదిలోంచి వచ్చి, "నాన్నా, మానిపించారు అంటే నాయనమ్మ మానేయలేదు కదా, ఎవరో ఆపారు కదా, ఎవరు?" అని అడిగింది. తినిపించడం, నిద్రపుచ్చడం, చదివించడం వంటి మాటల మధ్య పెరిగిన పిల్ల కనుక, ఒక పని మనం చేయడం వేరు, మన చేత ఇంకొకరు చేయించడం వేరు అని వ్యాకరణం తెలియకుండానే దానికి తెలుసు. నా దగ్గర మాత్రం జవాబు లేదు. తెలుగులో కర్తను చెప్పకుండానే వాక్యం నిండుగా వినిపిస్తుంది; పైగా ఆ "రు" ఇంటిల్లిపాదినీ సూచించవచ్చు, గౌరవించదగిన ఒక్క మనిషినీ సూచించవచ్చు. నలభై ఏళ్ళకు పైగా ఆ మాట వింటూ కూడా ఎవరని అడగాలని నాకు తోచలేదు.

తరువాతి ఆదివారం అమ్మాయి తనే నేరుగా అడిగింది. అమ్మ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "మా నాన్నగారే. ఇంకెవరు మానిపిస్తారు?" అని ఆగింది. ఎప్పటిలాగే ఆ ఖాళీని ఏదో ఒక మాటతో నింపబోయి, ఎందుకో ఈసారి ఊరుకున్నాను. కాసేపటికి అమ్మే అందుకుంది: "ఆ రాత్రి నా పుస్తకాలన్నీ ఆయనే వరసగా సర్ది, తాడుతో కట్టి, తమ్ముడికి పనికొస్తాయని అటక మీద పెట్టారు. ఏమీ చెప్పలేదు. తాడు ముడి వేస్తుంటే నాకు అర్థమయింది." ఆ తాడు సంగతి నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

పెద్దల జీవితకథలను పిల్లలకు అందించాలని ఆరాటపడే నాలాంటి ప్రవాసులకు పరికరాలు కరువై కాదు, మధ్యలో మనం నిలబడటం వల్లనే ఎక్కువ నష్టం జరుగుతోందని ఆ రోజు నాకు అనిపించింది. అనువదిస్తున్నామన్న పేరుతో మనం కథను నున్నగా చెక్కుతాము. తాతలు కఠినులని మనవలు అనుకుంటారేమోనని, మన ఇళ్ళల్లోని అన్యాయాలు అక్కడి పిల్లల ముందు బయటపడతాయేమోనని, లేదా కేవలం తొందరలో, గుచ్చుకునే మాటలను మెత్తబరుస్తాము. పిల్లలకు చివరికి అందేది నాయనమ్మ జీవితం కాదు, దాని గురించి నాన్నకున్న అభిప్రాయం.

అమెరికాలో 2003లో న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో ఒక చిన్న రికార్డింగ్ గదితో మొదలైన స్టోరీకోర్ సంస్థ పాటించే పద్ధతి ఈ కోణంలో నాకు నచ్చింది. అక్కడ ప్రశ్నలు అడిగేది విలేఖరి కాదు; ఒకరినొకరు బాగా ఎరిగిన ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని సుమారు నలభై నిమిషాలు మాట్లాడుకుంటారు, వారు అనుమతిస్తే ఆ సంభాషణ అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రపడుతుంది. మా ఇంట్లోనూ నలభై నిమిషాలే హద్దుగా పెట్టుకున్నాము. అంతకు మించితే అమ్మ అలసిపోయి, "అంతా మామూలే, ఏముంది చెప్పడానికి" అనే ధోరణిలో పడుతుంది.

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే మనస్తత్వవేత్తలు ఇరవై ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. అమ్మానాన్నలు ఎక్కడ కలుసుకున్నారు, తాతలు ఎక్కడ పెరిగారు వంటి ప్రశ్నలవి. కుటుంబం గురించి ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, తమ జీవితం తమ చేతిలో ఉందన్న నమ్మకం ఎక్కువగా కనిపించాయని వారు చెప్పారు. ఇది చదివి ఇరవై జవాబులను పిల్లల చేత వల్లె వేయించే తల్లిదండ్రులు ఉంటారేమో! (నేనే ఒక వారం ఆ పని చేశాను, ఒప్పుకుంటున్నాను.) కానీ జవాబులు తెలియడంలో మహిమ లేదని, అవి తెలిసేలా ఇంట్లో మాటలు సాగడంలోనే అసలు విషయం ఉందని డ్యూక్ స్వయంగా స్పష్టం చేశారు.

పెద్దవాళ్ళు పాత సంగతులు తవ్వుకోవడాన్ని ఒకప్పుడు చాదస్తంగా కొట్టిపారేసేవారు. ముసలితనంలో గతాన్ని తిరగేసుకోవడం సహజమైన, అవసరమైన మానసిక ప్రక్రియ అని 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు వాదించారు. నడివయసు దాటినవారికి పదేళ్ళకూ ముప్పైయేళ్ళకూ మధ్య నాటి జ్ఞాపకాలే ఎక్కువగా మిగులుతాయని కూడా మనస్తత్వ పరిశోధకులు గమనించారు. అందుకే "మీ జీవితం గురించి చెప్పండి" అన్న ప్రశ్నకు మాటలు రాని మనిషి, "మీ ఇంట్లో నువ్వు పడుకునే చోటి నుంచి చూస్తే ఏం కనబడేది?" అని అడిగితే అరగంట ఆగకుండా మాట్లాడుతుంది. ఆ ప్రశ్న మా అమ్మాయిదే. నేనైతే ఏ సంవత్సరం, ఏ ఊరు అని అడిగి ఉండేవాణ్ణి.

రికార్డు చేసే విషయంలో చెప్పవలసినది తక్కువ. వీడియో కాల్‌లో వచ్చే ధ్వని నెట్‌వర్క్‌ను బట్టి నలిగిపోతుంది కాబట్టి, అక్కడ అమ్మ దగ్గరుండే మా తమ్ముడు ఇంకొక ఫోనును ఆమె ముందు మడతపెట్టిన తువ్వాలు మీద ఉంచి, ఫ్యాన్ ఆపి, విడిగా రికార్డు చేస్తాడు. ధ్వనిని కుదించకుండా ఉన్నదున్నట్టు దాచే వేవ్ ఫార్మాట్‌లో, మంచి నాణ్యతతో (48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు, ఒకే ఛానెల్) అయితే గంటకు సుమారు 500 మెగాబైట్లు పడుతుంది. ఇప్పటి డిస్కులకు అదొక భారం కాదు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలన్నది అందరూ చెప్పే నియమం, మేమూ అదే పాటిస్తున్నాము. ఫైలు పేరులో తేదీ, మాట్లాడినవారి పేరు తప్పక ఉండాలి.

అక్షరరూపంలో పెట్టేటప్పుడు నేను చేసిన తప్పు మాత్రం చెప్పాలి. మొదటి రికార్డింగును రాసుకుంటూ అమ్మ యాసను పుస్తక భాషలోకి దిద్దాను, సగంలో వదిలేసిన వాక్యాలను పూర్తిచేశాను, మౌనాలను తీసేశాను. చదివితే చక్కగానే ఉంది కానీ అందులో అమ్మ లేదు. ఇప్పుడు అన్నది అన్నట్టే రాసి, అర్థం కాని చోట పక్కన చిన్న వివరణ ఇస్తున్నాము, ఆగిన చోట ఎంతసేపు ఆగిందో సెకన్లలో రాస్తున్నాము. ఇంగ్లీషు అనువాదాన్ని విడి పత్రంగా ఉంచుతున్నాము, తెలుగు ప్రతికి బదులుగా కాదు. మానిపించారు దగ్గర మా అమ్మాయి అనువాదం చేయకుండా ఆ మాటనే ఉంచి, కింద నాలుగు వరుసల వివరణ రాసింది.

అన్నీ పిల్లలకు చెప్పాలా అన్న ప్రశ్నకు నా దగ్గర సిద్ధంగా సమాధానం లేదు, కానీ నిర్ణయం మాత్రం నాది కాదని తేల్చుకున్నాను. పత్రాలను భద్రపరిచే సంస్థల్లో కొన్ని ఇంటర్వ్యూలను చెప్పినవారి కోరిక మేరకు ఇన్నేళ్ళ వరకు తెరవకుండా ఉంచే ఆనవాయితీ ఉంది. ఆ సంగతి అమ్మకు చెబితే ఆమె చాలా తేలిక పడింది. గత సంవత్సరం ఒక మధ్యాహ్నం తమ్ముణ్ణి బయటికి పంపి, ఒంటరిగా ఇరవై రెండు నిమిషాలు మాట్లాడి, "ఇది నేను లేనప్పుడు వినండి" అని ఇచ్చింది. మూడు ప్రతుల్లోనూ ఆ ఫైలు ఉంది. పేరులో తేదీ, అమ్మ పేరు మాత్రమే ఉన్నాయి. ప్రతి ఆరు నెలలకూ డిస్కులు సరిచూసుకునేటప్పుడు అమ్మాయి దాని పరిమాణం మారలేదా అని మాత్రం చూసి, తెరవకుండానే తరువాతి ఫైలుకు వెళుతుంది.