మ్యాక్ మినీ పొట్ట విప్పిన ఆదివారం

మా ఇంట్లో 2012 నాటి మ్యాక్ మినీ, అంటే ఆపిల్ వాళ్ల చిన్న పెట్టె కంప్యూటర్, ఉంది. మీట నొక్కి, కాఫీ కలుపుకొని వచ్చి సగం తాగితే గానీ తెర మీద బొమ్మలు కుదురుకునేవి కావు. ప్రాసెసర్ ఇప్పటికీ గట్టిదే. జాప్యమంతా నిమిషానికి 5,400 చుట్లు తిరిగే 500 జీబీ హార్డ్ డిస్కు దగ్గరే. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డ్రైవ్) వేస్తే చాలని తెలిసీ ఏడాది వాయిదా వేశాను. అంత చిన్న పెట్టెలో చేయి పెట్టాలంటే భయం మరి.

ముందురోజు రాత్రే కొత్త డ్రైవ్‌ను యూఎస్‌బీ కేసులో పెట్టి, పాత డిస్కు మొత్తాన్ని అందులోకి నకలు తీశాను. తెల్లవారాక, ఏ డ్రైవ్‌తో మొదలవ్వాలో ఎంచుకోవడానికి కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు ఆప్షన్ మీట పట్టుకొని, ఆ నకలుతోనే కంప్యూటర్‌ను నడిపి చూశాను. ఈ పరీక్ష చేయకుండా స్క్రూడ్రైవర్ ముట్టుకోకండి. నకలు సరిగా రాలేదని అంతా బిగించాక తెలిస్తే ఇక ఏడుపే.

అడుగున ఉన్న నల్లమూత డబ్బా మూతలా తిప్పితే వచ్చేస్తుంది. లోపలంతా నక్షత్రపు గాడి స్క్రూలే, టీ6, టీ8 సైజులవి. ఇడ్లీ రేకు తెచ్చుకొని ఒక్కో గుంటలో ఒక్కో దశవి వేశాను. మా ఆవిడ ఏమీ అనలేదు గానీ తర్వాత ఆ రేకును రెండుసార్లు తోమింది. ఫ్యాను తీశాక జల్లెడలాంటి యాంటెన్నా పలక వస్తుంది. దాని సన్నటి తీగ ఊడకుండా పలకను పక్కకు వాల్చాను. నా అదృష్టం, డిస్కు దాని కిందే ఉంది. మదర్‌బోర్డు లాగాల్సిన పని పడలేదు.

అసలు తిప్పలు బిగించేటప్పుడు. డిస్కు పక్కనుండే రెండు మేకుల్లాంటి స్క్రూలను కొత్తదానికి మార్చి, వాటిని పెట్టె లోపలి గోడకున్న రెండు రంధ్రాల్లోకి దూర్చాలి. ఆ రంధ్రాలు కంటికి కనబడవు. పాతది 9.5 మిల్లీమీటర్ల మందం, కొత్తది ఏడే. అది అడుక్కు జారిపోతుంది, మేకు గోడకు గుద్దుకుంటుంది. అరగంట కుస్తీ పట్టాక పెట్టెను నిలువునా నిలబెట్టి, ఫోను టార్చి వేసి, డ్రైవ్‌ను దాని బరువుతోనే కిందికి జారనిచ్చాను. టక్కుమని కూర్చుంది.

ఇప్పుడు ఇరవై సెకన్లు కాకముందే లాగిన్ తెర వస్తోంది. ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్‌లో ట్రిమ్‌ఫోర్స్ ఆదేశం ఇచ్చి ట్రిమ్ కూడా ఆన్ చేశాను; చెరిపేసిన ఫైళ్ల చోటు ఏదో ఎస్‌ఎస్‌డీకి చెప్పే ఏర్పాటు అది. పాత డిస్కు ఖాళీ అయిన యూఎస్‌బీ కేసులో చేరి, మ్యాక్‌లోనే ఉండే టైమ్ మెషీన్ అనే ప్రోగ్రామ్ బ్యాకప్‌లు తీసుకుంటూ తన పాత వేగంతోనే గుయ్యిమంటోంది.